ఓడ ఆగేది పన్నెండు గంటలు, ఊరికి మిగిలేది ఆరు: రేవులో దిగి ప్రైవేటు టూరుకు వెళ్లడం వెనుక లెక్క

క్లుప్తంగా: క్రూజ్ (విహార ఓడ) ఎక్కి రోమ్‌కు వెళ్లేవారు దిగేది రోమ్‌లో కాదు, దానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని చివితావెక్కియా రేవులో. అక్కడి నుంచి నగరం చూసి రావడానికి మూడు దారులున్నాయి: ఓడ కంపెనీ అమ్మే బస్సు టూరు, విడిగా మాట్లాడుకునే ప్రైవేటు వాహనం, రైలు. మూడింట్లోనూ చూసే కట్టడాలు ఇంచుమించు అవే. ఆలస్యమైతే నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నదే అసలు తేడా, ధరల్లో కనిపించేదీ చాలావరకు అదే.

క్రూజ్ కంపెనీల కరపత్రాల్లో మజిలీ పేరు పెద్ద అక్షరాల్లో రోమ్ అనే ఉంటుంది. చివితావెక్కియా అన్న మాట దాని పక్కన చిన్నగా కనిపిస్తుంది. ఇదేమీ మోసం కాదు. క్రీ.శ. రెండో శతాబ్దం ఆరంభంలో ట్రాజన్ చక్రవర్తి కట్టించిన నాటి నుంచి ఇది రోమ్‌కు రేవే. నేడు ఏటా 30 లక్షలకు పైగా క్రూజ్ ప్రయాణికులు ఇక్కడ ఎక్కి దిగుతున్నారు. మధ్యధరా సముద్రంలో ఈ లెక్కన దీనికంటే ముందున్న రేవు బార్సిలోనా ఒక్కటే. అయితే బార్సిలోనాలో ఓడ దిగితే ఊరు ఎదురుగానే ఉంటుంది, ఇక్కడ గంటకు పైగా ప్రయాణం చేస్తే గానీ రాదు. ప్రయాణికులను తికమకపెట్టే ప్రశ్నలన్నీ ఈ 80 కిలోమీటర్ల దగ్గరే మొదలవుతాయి.

పన్నెండు గంటలు ఎక్కడికి పోతాయి

సాధారణంగా ఓడ ఉదయం ఏడింటికి రేవుకు చేరి రాత్రి ఏడింటికి బయలుదేరుతుందనుకుందాం. కాగితం మీద పన్నెండు గంటలు. ఓడను రేవుకు కట్టగానే ఎవరూ దిగలేరు. రేవు అధికారుల అనుమతి రావాలి, దిగే మెట్లు వేయాలి, వేలమంది వరుసలో కదలాలి. త్వరగా దిగినవారికి కూడా వాహనం ఎక్కేసరికి ఎనిమిది అవుతుంది. ఏ-12 మోటారు రహదారి మీదుగా రోమ్ చేరడానికి గంటంబావు నుంచి గంటన్నర. అంటే నగరంలో కాలు పెట్టేది తొమ్మిదిన్నరకు.

సాయంత్రం వైపు నుంచి కూడా ఇలాగే తరుగుతుంది. ఓడ కదిలేది ఏడింటికైనా అందరూ లోపల ఉండాల్సిన గడువు, అంటే ‘ఆల్ అబోర్డ్’ సమయం, అంతకు అరగంట నుంచి గంట ముందే ముగుస్తుంది. రోమ్ చుట్టూ ఉన్న వలయ రహదారి మీద సాయంత్రపు రద్దీ ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. అందుకే అనుభవమున్న డ్రైవర్లు ఐదింటికల్లా రేవుకు చేరేలా లెక్క వేసుకుంటారు, నగరం నుంచి మూడున్నరకే బయలుదేరతారు. తొమ్మిదిన్నర నుంచి మూడున్నర వరకు ఆరు గంటలు. భోజనం, ఒక చోటి నుంచి మరో చోటికి కదలడం తీసేస్తే చూడటానికి మిగిలేది నాలుగు గంటలకు కాస్త ఎక్కువ.

వాటికన్ మ్యూజియాలు, సిస్టీన్ చాపెల్, సెయింట్ పీటర్స్ బసిలికా కలిపి హడావుడిగా చూసినా మూడు గంటలు పడుతుంది. కొలోసియం, పక్కనే ఉన్న రోమన్ ఫోరం రెండున్నర. ఈ రెండు కూడికలూ కలిపి నాలుగు గంటల్లో ఇమడవు. ‘ఒక్కరోజులో రోమ్ మొత్తం’ అని అమ్మే ఏ టూరైనా వీటిలో కొన్నింటిని బయటి నుంచే చూపిస్తుంది. అది తప్పేమీ కాదు, కానీ లోపలికి వెళ్లేది ఎక్కడ, బయట నిలబడి ఫొటో దిగేది ఎక్కడ అన్నది డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

ఈ లెక్కకు మరో చిక్కు టికెట్ల నుంచి వస్తుంది. కొలోసియంలో ఒకేసారి మూడు వేల మందికి మించి ఉండనివ్వరు. 2023 అక్టోబరు నుంచి టికెట్టు మీద సందర్శకుడి పేరు తప్పనిసరి, గుర్తింపు పత్రం చూపమంటారు. వాటికన్ మ్యూజియాల టికెట్టు కూడా ఫలానా సమయానికని ఇస్తారు. ఒకప్పుడు ఉచితంగా చూడగలిగిన పాంథియన్‌కు 2023 జులై నుంచి ఐదు యూరోల టికెట్టు పెట్టారు. 2024 డిసెంబరులో మరమ్మతుల తర్వాత తెరిచిన ట్రెవీ ఫౌంటెన్ దగ్గరికి ఒకసారి 400 మందినే వదులుతున్నారు. టికెట్టు గడియారం నిమిషాల లెక్కన నడుస్తుంది. ఓడ గడియారం మాత్రం గాలికీ అలలకూ కట్టుబడి ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకే ప్రవేశ సమయం తీసుకున్నవారు, ఓడ అరగంట ఆలస్యమైతే టికెట్టు వదులుకోవాల్సిందే. పదిన్నర తర్వాతి సమయం తీసుకోవడంలో ఉన్న తెలివి ఇదే.

వారం కూడా చూసుకోవాలి. బుధవారం ఉదయం పోప్ బహిరంగ దర్శనం ఉన్నప్పుడు బసిలికాలోకి సందర్శకులను రానివ్వరు. ఆదివారాలు వాటికన్ మ్యూజియాలు మూసి ఉంటాయి, నెలలో చివరి ఆదివారం తప్ప. ఆ రోజు ప్రవేశం ఉచితం, కాబట్టి వరుస ఎంత పొడవుంటుందో చెప్పనవసరం లేదు.

ఓడ ఎందుకు ఆగదు

నలుగురి కోసం నాలుగు వేల మందిని ఆపడం కుదరదన్నది అందరికీ తెలిసిన జవాబు. దాని వెనుక యంత్రశాస్త్రం ఉంది, రేవు ఆర్థికం ఉంది. ఓడను బయటికి నడిపించే పైలట్, అవసరమైతే లాగే టగ్గు పడవలు, కట్టే స్థలం అన్నీ గంటల లెక్కన ముందే ఖరారవుతాయి. ఆలస్యంగా బయలుదేరితే తర్వాతి రేవుకు సమయానికి చేరడానికి వేగం పెంచాలి. ఓడకు కావలసిన ఇంజిన్ శక్తి స్థూలంగా వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచితే శక్తి దాదాపు 33 శాతం ఎక్కువ కావాలి. రేవులో పోగొట్టుకున్న ప్రతి అరగంటా సముద్రంలో ఇంధనంగా కాలుతుంది.

మరి ఓడ కంపెనీ అమ్మిన టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఎందుకు ఆగుతుంది? ఆ ఆలస్యానికి బాధ్యత కంపెనీదే కాబట్టి. నలభై, యాభై మంది ఉన్న బస్సును వదిలి వెళ్తే వారందరినీ తర్వాతి రేవుకు చేర్చే ఖర్చు కంపెనీయే భరించాలి. అంతకంటే ఆగడమే చవక. ప్రైవేటు టూరులోని ఆరుగురి విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. వారిని తర్వాతి రేవుకు చేర్చే ఖర్చు కంపెనీది కాదు, వారిదే. ఓడ వారి కోసం ఆగితే నష్టపోయేది మాత్రం కంపెనీ. దీన్ని నిర్దయ అనడం కన్నా ఒప్పందంలోని ఏర్పాటు అనడం సరిగ్గా ఉంటుంది.

2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమ తీరంలోని సావో టోమే ద్వీపంలో జరిగింది దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ప్రైవేటు టూరుకు వెళ్లిన ఎనిమిది మంది గడువు దాటి గంటకు పైగా ఆలస్యంగా వచ్చారు. ఓడ ఇంకా లంగరు వేసే ఉన్నా, స్థానిక తీరరక్షక దళం పడవలో దాని దగ్గరిదాకా వెళ్లినా ఎక్కించుకోలేదు. ఆ తర్వాత వారు దేశాలు మారుతూ ఓడను వెంబడించాల్సి వచ్చింది. గాంబియాలో అందుకుందామనుకుంటే ప్రతికూల పరిస్థితుల వల్ల ఓడ అక్కడ ఆగనే లేదు. చివరికి సెనెగల్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఆ వార్త చదివి ప్రైవేటు టూర్లంటేనే ప్రమాదం అనుకున్నవారు చాలామంది. అసలు ప్రమాదం రేవును బట్టి ఉంటుంది. చివితావెక్కియాలో ఓడ తప్పిపోయి, తర్వాతి మజిలీ నేపుల్స్ అయితే, రోమ్ నుంచి వేగపు రైలులో గంటా పది నిమిషాల్లో అక్కడికి చేరవచ్చు. అవమానం, టికెట్టు ఖర్చు తప్ప పెద్ద నష్టం లేదు. తర్వాత ఒక రోజంతా సముద్రంలో గడిపి గ్రీసు ద్వీపానికో టర్కీకో వెళ్లే ఓడ అయితే విమానం, హోటల్, వీసా అన్నీ మీద పడతాయి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: చివితావెక్కియా చాలా ఓడలకు యాత్ర ముగిసే రేవు కూడా. అక్కడే దిగిపోయేవారికి తప్పిపోవడానికి ఓడే ఉండదు. సామాను కార్లో పెట్టుకుని నగరం చూసి, సాయంత్రం ఫ్యుమిచీనో విమానాశ్రయంలో దిగే ప్రైవేటు టూరుకు అంతకంటే అనువైన సందర్భం లేదు.

బండి లెక్క, తల లెక్క

ఓడ కంపెనీలు చాలావరకు టూర్లను సొంతంగా నడపవు. స్థానిక ఏజెన్సీకి అప్పగించి, దాని ధర మీద తమ లాభం వేసుకుని అమ్ముతాయి. ధర మనిషికి ఇంత అని ఉంటుంది. ప్రైవేటు వాహనానికి ధర బండికి ఇంత అని ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం దగ్గరే సగం మంది పొరబడతారు.

లెక్క కోసం కొన్ని అంకెలు వేసుకుందాం, ఇవి ఏ సంస్థ ధరలూ కావు. బస్సు టూరు మనిషికి 150 యూరోలు, ఎనిమిది సీట్ల వ్యాను రోజుకు 700 యూరోలు అనుకుంటే, ఇద్దరికి బస్సు 300లో అయిపోతుంది. ఐదుగురైతే బస్సు 750, అంటే వ్యాను ధర దాటినట్టే. ఏడుగురైతే 1,050. అమ్మానాన్నలు, అత్తమామలు, పిల్లలు కలిసి వెళ్లే తెలుగు కుటుంబాలకు వ్యాను లాభంగా కనిపించడానికి కారణం ఈ గుణకారమే. అయితే వ్యాను ధరలో ఏమేమి ఉండవో కూడా కలపాలి. ప్రవేశ టికెట్లు, గైడు రుసుము, భోజనం చాలావరకు విడిగానే ఉంటాయి. వాటిని కలిపితే ఐదుగురి దగ్గర తేలిన సమానత ఆరుగురికో ఏడుగురికో జరుగుతుంది.

డబ్బుకు అందని తేడా ఒకటుంది. పెద్ద బస్సులు నగర మధ్యంలోకి రాలేవు. దూరంగా ఆపి నడిపిస్తారు, యాభై మంది ఒకచోట చేరేదాకా ఆగుతారు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషికి రాళ్లు పరిచిన రోమ్ వీధుల్లో ఆ నడకే రోజంతటినీ నిర్ణయిస్తుంది. అనుమతి ఉన్న అద్దె కార్లు వాహన నియంత్రణ ప్రాంతాల్లోకి వెళ్లగలవు, కట్టడం దగ్గరలో దింపగలవు. శాకాహారుల భోజనం ఎక్కడన్నది కూడా బస్సులో ఎవరూ అడగరు, వ్యానులో మనమే చెప్పవచ్చు.

డ్రైవరు వేరు, గైడు వేరు

భారతదేశంలో కారు మాట్లాడుకుంటే డ్రైవరే దారి పొడవునా కథలు చెబుతాడు, గుడి దాకా వెంట వస్తాడు. ఇటలీలో ఈ రెండు వృత్తులనూ చట్టం విడదీసింది. ముందుగా మాట్లాడుకునే డ్రైవరుతో కూడిన అద్దె కార్లకు, టాక్సీలకు 1992 నాటి 21వ నంబరు చట్టం వర్తిస్తుంది. స్థానిక పురపాలక సంస్థ అనుమతి ఉంటేనే ఆ సేవ అమ్మాలి. గైడు వృత్తికి వేరే అర్హత, వేరే పరీక్ష. 2023 డిసెంబరులో వచ్చిన చట్టంతో దాన్ని దేశమంతటికీ ఒకే పద్ధతిలోకి తెచ్చారు.

అందువల్ల డ్రైవరు బండి నడుపుతూ రెండు మాటలు చెప్పవచ్చు గానీ కొలోసియం లోపలికి వచ్చి వివరించకూడదు. ‘ఇంగ్లిష్ మాట్లాడే డ్రైవరుతో ప్రైవేటు టూరు’ అన్న ప్రకటనలో గైడు లేడని అర్థం. ఇది తెలియక ‘మా డ్రైవరు బయటే నిలబడ్డాడు, ఏమీ చూపించలేదు’ అని బాధపడేవారు ఎక్కువ. డ్రైవరు చట్టాన్ని పాటించాడు, అంతే. గైడు కావాలంటే విడిగా అడిగి పెట్టుకోవాలి. బడ్జెట్టు తక్కువైతే వాటికన్‌కు మాత్రమే గైడును తీసుకుని మిగతావి బయటి నుంచి చూడటం మంచి బేరం. బయటి వీధులకు పుస్తకం చాలు, లోపలి గదులకు మనిషి కావాలి.

అనుమతి లేని బండ్లు రేవు బయట దొరకకపోవు, చవకగానే వస్తాయి. తనిఖీలో ఆగిపోతే ఎక్కువ నష్టపోయేది గడియారం చూసుకుంటున్న ప్రయాణికుడే.

రైలు అనే మూడో దారి

రోమ్ విషయంలో ప్రైవేటు టూర్ల ధరలకు కళ్లెం వేసేది రైలు. ఓడ నుంచి రేవు బస్సు ఉచితంగా లార్గో డెల్లా పాచె అనే చోటికి చేరుస్తుంది. అక్కడి నుంచి స్టేషన్ దగ్గరే. ప్రాంతీయ రైలు గంటకు కాస్త అటూ ఇటూగా రోమ్ చేరుస్తుంది, టికెట్టు మిగతా రెండు దారులతో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. వాటికన్ చూడాలనుకునేవారు రోమ్ ప్రధాన స్టేషన్ టెర్మినీ దాకా పోనవసరం లేదు, ముందే వచ్చే సాన్ పియెత్రో స్టేషన్‌లో దిగితే బసిలికా నడక దూరమే.

రైలుకు ఉన్న అసలు బలహీనత సమ్మె. ఇటలీలో రైలు సమ్మెలను ముందే ప్రకటిస్తారు. సమ్మె రోజున కూడా పనిదినాల్లో ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు కనీస సర్వీసులు నడపాలి. ఉద్యోగులకు ఇది పెద్ద ఊరట. ఓడ ప్రయాణికుడికి మాత్రం ఉచ్చు: ఉదయం రైలు ఎక్కి హాయిగా రోమ్ చేరతాడు, తిరిగి రావాల్సిన మూడు, నాలుగు గంటల వేళ మాత్రం హామీ ఉన్న సమయంలో పడదు. సమ్మె తేదీ చూసుకోకుండా రైలు ఎక్కడం, తిరుగు టికెట్టు లేకుండా వెళ్లడంతో సమానం.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి

ఒకే కుటుంబంలో పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు, తల్లిదండ్రులకు భారత పాస్‌పోర్టు ఉండటం ప్రవాస తెలుగువారిలో మామూలే. రోమ్‌లో దిగడానికి భారత పౌరులకు షెంగెన్ వీసా, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల ఉమ్మడి వీసా, కావాలి. మార్గంలో టర్కీ, మాంటినీగ్రో వంటి షెంగెన్ బయటి దేశాలుండి మళ్లీ ఇటలీకో గ్రీసుకో వచ్చేదైతే ఒకసారి ప్రవేశానికి ఇచ్చే వీసా సరిపోదు. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది కాబట్టి అక్కడ ఆగడం ఇప్పుడు బయటికి వెళ్లినట్టు కాదు. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో ముద్రల బదులు వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే విధానం దశలవారీగా మొదలైంది.

వీసా కావలసిన దేశాల వారి పాస్‌పోర్టులను కొన్ని ఓడల్లో ఎక్కేటప్పుడే తీసుకుని తమ దగ్గర ఉంచుకుంటారు. నగరానికి వెళ్లేవారి చేతిలో అసలు పాస్‌పోర్టు ఉండదు. గడువుకు ఎవరైనా రాకపోతే ఓడ సిబ్బంది వారి పాస్‌పోర్టును ఒడ్డున ఉండే రేవు ఏజెంటుకు అప్పగించి వెళ్లడం ఆనవాయితీ. ఆ ఏజెంటు ఫోను నంబరు ప్రతిరోజూ గదికి వచ్చే కార్యక్రమ పత్రంలో ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకుని, పాస్‌పోర్టు, వీసా నకళ్లు వెంట ఉంచుకోవడం రెండు నిమిషాల పని. తర్వాతి రేవు షెంగెన్ బయట ఉంటే, ఓడ ప్రయాణికులకు ఆ దేశం ఇచ్చే సడలింపులు విమానంలో దిగేవారికి వర్తించాలనేమీ లేదు.

గడియారం విషయంలోనూ ఒక మాట. గ్రీసు సమయం ఇటలీ కంటే గంట ముందుంటుంది. ఓడ తన గడియారాన్ని మార్చుకుందో లేదో ప్రకటించేది ఓడే. ఫోను మాత్రం తనంతట తానే స్థానిక సమయానికి మారిపోతుంది. దిగేముందు మెట్ల దగ్గర రాసి పెట్టే సమయమే ప్రమాణం.

అన్ని రేవులూ రోమ్ కావు

ఇదే లెక్కను ఇతర రేవులకు పెడితే జవాబులు మారతాయి. సింగపూర్ నుంచి వెళ్లే ఓడలు ఆగే మలేసియాలోని పెనాంగ్‌లో ఓడరేవు జార్జ్ టౌన్ నగరంలోనే ఉంది, దిగి నడవడమే, టూరు అవసరమే తక్కువ. ఏథెన్స్‌కు రేవైన పిరేయస్ పది కిలోమీటర్లు, మెట్రో ఉంది. రెండో కొసన జర్మనీలోని వార్నెముండె ఉంటుంది. ఓడ కరపత్రంలో బెర్లిన్ అని రాసినా నగరం రెండు వందల కిలోమీటర్లకు పైనే, వెళ్లడానికి దాదాపు మూడు గంటలు. అక్కడ ఓడ కంపెనీ టూరుకు ఎక్కువ చెల్లించడం పిరికితనం కాదు, బీమా.

గ్రీసు ద్వీపమైన సాంతొరీనిలో దూరం సమస్య కాదు. ఓడ ఒడ్డుకు రాదు, చిన్న పడవల్లో దించుతారు. ఓడ టూరు కొన్నవారిని ముందు దించడం ఆచారం. ప్రైవేటు డ్రైవరు కొండ పైన ఎదురుచూస్తుంటే, ఆయనను మాట్లాడుకున్నవారు కింద కేబుల్ కారు వరుసలో ఉంటారు. 2025 నుంచి రోజుకు ఎనిమిది వేల మంది ఓడ ప్రయాణికులనే పరిమితి పెట్టారు. వెనిస్ 2024లో గైడు వెంట నడిచే బృందాలను 25 మందికి కుదించింది, లౌడ్‌స్పీకర్లను నిషేధించింది. ఇలాంటి నియమాలు యాభై మంది బస్సు టూర్ల పద్ధతినే ఇబ్బంది పెడతాయి. చిన్న బృందాల టూర్లు, వాటితోపాటు ధరలు పెరగడం ఈ దిశలో సహజం.

విశాఖ వైపు నుంచి చూస్తే

ఈ బేరంలో అవతలి పక్షం ఎలా ఉంటుందో విశాఖపట్నం ఇప్పుడిప్పుడే చూస్తోంది. 2023 సెప్టెంబరులో అక్కడ అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది, దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టారు. 2025 జూన్, జులైల్లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు క్రూజ్ ఓడ నడిచింది.

ఈ రేవు చివితావెక్కియాకు పూర్తిగా భిన్నం. ఇక్కడ ఓడ నగరంలోనే ఆగుతుంది. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం, కైలాసగిరి, తొట్లకొండ బౌద్ధారామం, సింహాచలం అన్నీ ఒక పూట కారు ప్రయాణంలో ఇమిడిపోతాయి. జలాంతర్గామికి సోమవారం సెలవన్నది తప్ప పెద్ద చిక్కులు లేవు. ఆలస్యమైనా రేవు కనుచూపు మేరలోనే ఉంటుంది, కాబట్టి ప్రైవేటు కారు మాట్లాడుకోవడంలో ముప్పు దాదాపు శూన్యం.

కానీ దూర ప్రాంతాల నుంచి వచ్చినవారికి అమ్మాలని అందరికీ అనిపించేది బొర్రా గుహలు, అరకు. బొర్రా సుమారు 90 కిలోమీటర్లు, అంటే అంకెల్లో చివితావెక్కియా నుంచి రోమ్‌కు ఉన్న దూరం కంటే కాస్త ఎక్కువ. తేడా దారిలో ఉంది. ఒకటి మోటారు రహదారి, మరొకటి అనంతగిరి ఘాట్. వర్షాకాలంలో కొండచరియ విరిగితే పక్కదారి దొరకదు. రోమ్‌లో రోడ్డు ఆగితే ఆదుకోవడానికి గంటగంటకూ రైళ్లున్నాయి, బొర్రా నుంచి రోజుకు కొన్ని రైళ్లే. పొద్దున ఎనిమిదింటికి దిగి సాయంత్రం ఆరింటికి ఎక్కాల్సిన ప్రయాణికుడికి బొర్రా అమ్మే ఆపరేటరు, తిరుగు ప్రయాణం ఎన్నింటికి మొదలవుతుందో, ఘాట్‌లో ఆగిపోతే ఖర్చు ఎవరిదో రాసి ఇవ్వగలిగితేనే ఆ టూరు నిలుస్తుంది. లేదంటే అది ఓడలో వచ్చేవారికి కాకుండా విశాఖలో రాత్రి బస చేసేవారికే అమ్మాల్సిన టూరు.